ఒక్క శాతం తేడా

జూన్ 2

ఈ నోటుబుక్కు ఆఫీసు సొరుగులో ఉంచుతాను. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఇంట్లో దాచడానికి చోటు లేక కాదు, ఆయన వెతకరని నమ్మకం లేక.

మా అమ్మాయి పిట్టకున్న జబ్బే ఉన్న కుటుంబాల సంఘం కరపత్రం మళ్ళీ నా చేతే రాయించారు. "నీ రాతలో గవర్నమెంటు దర్జా ఉంటుంది" అని ఉబ్బేశారు. నేను రాసింది ఇది: "సిస్టిక్ ఫైబ్రోసిస్ అంటువ్యాధి కాదు. పుట్టుకతో వస్తుంది. అమ్మ నుంచి ఒక లోపం, నాన్న నుంచి ఒక లోపం కలిస్తేనే బిడ్డకు వస్తుంది. ఊపిరితిత్తుల్లో, పేగుల్లో ఊరే తేమ జిగురులా చిక్కబడుతుంది. ఊపిరి ఆడదు, తిన్నది ఒంటబట్టదు. దీన్ని అదుపుచేసే మందు వచ్చింది. అది ప్రభుత్వ జాబితాలో చేరాలి. పూర్తిగా నయంచేసే మందు కోసం పరిశోధన సాగాలి."

ఆయన "అదుపుచేసే" కొట్టేసి "నయంచేసే" అని రాశారు. నేను దాన్ని కొట్టేశాను.

"మీ స్టూడియోలో మొహాల మీద మొటిమలు చెరిపినట్టు ఇక్కడా చెరిపేస్తారా?"

"చెరపకపోతే ఎవరూ ఫోటో తీసుకోరు" అన్నారు నవ్వుతూ. ఇరవై ఏళ్ళుగా ఫోటోగ్రాఫరు. ఏది చూపించాలో, ఏది చూపించకూడదో ఆయనకు బాగా తెలుసు.

జూన్ 5

పిట్ట ఊపిరి కొలతలు రాసుకునే పుస్తకంలో ఈ రోజు 47. నిన్న 46. మొన్న 47.

పదహారు నిండిన దగ్గర్నుంచీ ఊపిరి మీటరు ఊదేటప్పుడు నన్ను గదిలో ఉండనివ్వడం లేదు. "నువ్వు కిరాణా కొట్టు కాటా ముందు నిలబడ్డట్టు నిలబడతావమ్మా. ఆ చూపుకి ఊపిరి లోపలికే పోతుంది" అంటుంది. గట్టిగా ఊదితే, ఆరోగ్యంగా ఉన్న మనిషితో పోలిస్తే ఎంత ఊపిరి ఉందో ఆ మీటరు శాతంలో చూపిస్తుంది. నలభై ఏడంటే సగానికి కొంచెం తక్కువ. నలభై ఏడుతో స్కూలుకి వెళ్ళొచ్చు, నవ్వొచ్చు, నాతో పోట్లాడొచ్చు. చేస్తోంది కూడా.

ఆదివారం తూకం మాత్రం నా ఎదురుగానే. ఈ వారం ముప్పై తొమ్మిదిన్నర కిలోలు. మూడు వారాలుగా గ్రాము తగ్గలేదు.

జూన్ 8

పెద్ద డాక్టరుగారు ఆస్పత్రికి రమ్మని సంఘం వాళ్ళందరినీ పిలిచారు. కంపెనీ ఆ కొత్త మందును ఉచితంగా పది మందికి ఇస్తుందట. ఊపిరి పరీక్షలో అందరికన్నా తక్కువ వచ్చిన పది మందికి. మా సంఘంలో ముప్పై ఒక్క కుటుంబాలు.

ఆవిడ చెప్పడం అయిపోయాక ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. నేను చూశాను. కాటాలు తనిఖీ చేసేదాన్ని, చూడటం నా ఉద్యోగం. తల్లులందరూ పక్కవాళ్ళ పిల్లల దగ్గు వింటున్నారు.

అందరూ లేచాక ఆయన డాక్టరుగారి దగ్గర ఆగిపోయారు. "పదో మనిషి అంకె ఎంత దగ్గర ఆగుతుందంటారు మేడమ్?" అని అడగడం నా చెవిన పడింది. "నలభైకి కాస్త అటూ ఇటూ" అన్నారావిడ.

ఆటోలో అడిగాను, "ఏం మాట్లాడారు?" అని. "ఏం లేదు, పరీక్ష తేదీ" అన్నారు.

జూన్ 10

సాయంత్రం స్టూడియోకి వెళ్ళాను. షట్టరు సగం దించి ఉంది. లోపల ఆయనా పిట్టా. వంగి లోపలికి వెళ్ళేసరికి ఇద్దరూ మాట ఆపేశారు. పిట్ట కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "లైట్లు కళ్ళలో పడ్డాయమ్మా" అంది. లైట్లు వెలగడం లేదు.

జూన్ 12

పరీక్ష అయింది. ముప్పై ఎనిమిది.

పిట్ట ఊదే గదిలోకి వెళ్ళేముందు ఆయన దాని భుజం పట్టుకుని "గుర్తుంది కదా?" అన్నారు. తను తలూపింది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఏం గుర్తుండాలి?

జూన్ 13

నిన్న పొద్దున తన పుస్తకంలో 47. మధ్యాహ్నం ఆస్పత్రిలో 38.

జూన్ 15

ఈ రోజు మార్కెట్లో తనిఖీ. ఎండుమిర్చి కొట్టులో కాటా ఖాళీగా ఉంటే సున్నా చూపిస్తోంది. ప్రామాణికపు రాయి పెట్టినా సరిగ్గానే చూపిస్తోంది. అయినా కొట్టతను మరీ మర్యాదగా ఉన్నాడు, మంచినీళ్ళు అడక్కుండానే తెచ్చిచ్చాడు. కాటా ఎత్తి కిందికి చూశాను. అడుగున ఓ పక్కకి జరిపి పెట్టిన అయస్కాంతం ముక్క. నేను రాగానే జరిపేసి, నేను వెళ్ళగానే మళ్ళీ పళ్ళెం కిందికి తోస్తాడు.

"నేను పెట్టలేదు మేడమ్, మా నాన్న కాలం నుంచీ ఉంది."

"మీ నాన్న కాలంలో ఈ కాటా పుట్టనే లేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పంతొమ్మిదేళ్ళుగా ఇదే చూస్తున్నాను. మోసం అంకెలో కనిపించదు. అంకెకి ముందు ఎవరో ఒకసారి చెయ్యి కిందికి పెడతారు.

"గుర్తుంది కదా?"

జూన్ 16

తక్కువగా ఊదమని చెప్పి ఉంటారు. ఇంకేముంటుంది! మెల్లిగా ఊదితే ఎవరికైనా తక్కువే వస్తుంది. బిడ్డ కోసమేగా అంటారు, అడిగితే. అందుకే అడగను.

డాక్టరుగారు ఆ రోజే చెప్పారు. ఆ మందు కాలేయం మీద పనిచేస్తుంది, నెలనెలా రక్తం చూసుకోవాలి అని. నలభై ఏడున్న పిల్లకి అంత మందు ఎందుకు?

జూన్ 18

పిట్టకి బాగానే ఉంది. బాగుందనడానికి రుజువులు రాసుకుంటున్నాను. తూకం తగ్గలేదు. మీటరు 47. స్కూలు మానలేదు. మేడ మెట్లు ఎక్కుతూ సగంలో కూర్చుంది గానీ చెప్పు బకిలు సర్దుకోవడానికి. ఆ చెప్పులకి బకిలు లేదు. అలవాటుగా వంగి ఉంటుంది. మూడు దిళ్ళు వేసుకుని పడుకుంటోంది. చదువుకోవడానికి ఎత్తు కావాలట. ఈ వయసు పిల్లలు ఎలా పడితే అలా చదువుతారు.

జూన్ 20

జాబితా వచ్చింది. పదో పేరు పిట్టది, 38. పదకొండోది చెప్పుల షాపులో పనిచేసే అమ్మాయిది, 39.

ఆ అమ్మాయి నాకు తెలుసు. ఇరవై ఆరేళ్ళుంటాయి. తల్లీతండ్రీ లేరు, అమ్మమ్మతో ఉంటుంది. సంఘం మీటింగులకి అందరికన్నా ముందొచ్చి కుర్చీలు దూరదూరంగా వేస్తుంది. ఈ జబ్బున్నవాళ్ళు ఒకరి పక్కన ఒకరు కూర్చోకూడదు, ఒకరి ఊపిరితిత్తుల్లో ఉండే క్రిమి ఇంకొకరికి పట్టుకుంటే వదలదు. కుర్చీకీ కుర్చీకీ మధ్య తన అడుగులతోనే కొలుస్తుంది. ఒకసారి టేపు పెట్టి చూశాను. ఒక్కసారి కూడా తప్పలేదు.

జాబితా చూసి నాతో అంది: "పోన్లెండి ఆంటీ, పిట్ట చిన్నపిల్ల. ముందు తనకే రావాలి."

ఈ పిల్ల చోటులో మేం కూర్చున్నాం.

జూన్ 23

మందు ప్రభుత్వ జాబితాలో చేర్చాలని ఆయన సంతకాలు సేకరిస్తున్నారు. వచ్చే నెలాఖరున ప్రభుత్వ కమిటీ మా వాదన వింటుంది. ముప్పై ఒక్క మందివీ ఫోటోలు తీసి పెద్ద బోర్డు చేశారు. అన్నిట్లోనూ మొహాలు ఉన్నవున్నట్టు ఉన్నాయి, దేన్నీ చెరపలేదు. పిట్ట ఫోటోలో మెడ దగ్గర ఎముకలు తేలి ఉన్నాయి. వెలుగు పక్కనుంచి పెడితే ఎవరికైనా అలాగే కనిపిస్తాయి. ఆయనకు వెలుగు ఎక్కడ పెట్టాలో తెలుసు.

జూన్ 24

రాశాను.

ఆఫీసు కంప్యూటర్లో. నాలుగు వాక్యాలు. "పదో స్థానంలో ఉన్న అమ్మాయి పరీక్ష ఫలితం మీద అనుమానం ఉంది. ఇంటి దగ్గర కొలతకీ దీనికీ పొంతన లేదు. దయచేసి మళ్ళీ పరీక్ష చేయించండి. న్యాయం జరగాలి." కింద సంతకం లేదు. కవరు మీద కంపెనీ చిరునామా.

మా ఆఫీసుకి రోజూ ఇలాంటి ఆకాశరామన్న ఉత్తరాలు వస్తుంటాయి. రాసినవాళ్ళ గురించి ఏనాడూ ఆలోచించలేదు.

ఇది పదకొండో అమ్మాయి కోసం. అవును. ఆ అమ్మాయి కోసమే.

ఒక్కసారి మళ్ళీ ఊదిస్తే చాలు. నలభై ఏడు వస్తుంది.

జూన్ 30

ఏమీ జరగలేదు. కంపెనీ వాళ్ళు చించేసి ఉంటారు.

జూలై 4

చించలేదు. పొద్దున ఫోను వచ్చింది. పిట్ట చోటు ఆపేశారు. విచారణ అయ్యేదాకా పదకొండో మనిషిని సిద్ధంగా ఉండమన్నారట.

ఆయన ఫోను పట్టుకునే కుర్చీలో కూలబడ్డారు. కోపం వస్తుందనుకున్నాను. పట్టుబడ్డవాళ్ళకి ముందు కోపమే వస్తుంది. ఆయనకి ఏడుపు వచ్చింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో రెండోసారి చూడటం. మొదటిసారి పిట్ట జబ్బు పేరు విన్న రోజు.

"ఎవరో రాశారట. ఇంటి దగ్గర కొలతకీ దీనికీ పొంతన లేదట! మన ఇంటి కొలత బయటివాళ్ళకెలా తెలుసు?"

"ఏమో" అన్నాను.

పిట్ట నా వైపు చూసింది. లేక చూసిందని నాకనిపించిందో.

జూలై 6

సంఘం మీటింగు. ఆయన అడగకుండానే ఎవరో అనేశారు: "దీనివల్ల లాభం ఎవరికో చూడండి, చాలు." అందరూ కుర్చీలు వేస్తున్న అమ్మాయి వైపు చూశారు.

తను చేతిలో కుర్చీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "నేను రాయలేదు" అంది.

"మరి ఇంకెవరికి అవసరం?" అని ఒక తండ్రి.

"పిట్ట వాళ్ళ నాన్న ఒకసారి మీటింగులో చెప్పారు, ఇంట్లో మీటరు ఉందని. అందరం విన్నాం. నేనొక్కదాన్నే కాదు."

"విన్నాం. రాయలేదు" అందొక తల్లి.

దగ్గొచ్చింది ఆ అమ్మాయికి. చాలాసేపు దగ్గింది. ఎవరూ నీళ్ళివ్వలేదు. అందరూ దూరం పాటిస్తున్నారు కదా. నేనూ పాటించాను. నోరు తెరిస్తే ఒక్క మాట. తెరవలేదు. ఆయన మాత్రం "వదిలేయండి, రుజువు లేకుండా అనకూడదు" అన్నారు. మోసం చేసినవాడు అలా అనడు. అన్నా అంటాడు, తెలివైనవాడైతే.

మిగిలిన కుర్చీలు నేను వేశాను. నా అడుగులతో దూరం సరిగ్గా రాలేదు.

జూలై 7

వాట్సాప్ గ్రూపులోంచి ఆ అమ్మాయిని తీసేశారు.

ఏమో, ఆ పిల్ల కూడా ఒక ఉత్తరం రాసి ఉండొచ్చు. రాయలేదని నాకు మాత్రం ఎలా తెలుసు?

జూలై 9

సెలవు పెట్టాను. ఆయన సంతకాలకి వెళ్ళారు, పిట్ట స్కూల్లో. ఇల్లంతా నాకే దొరికింది. నా ఇంట్లో నేనే తనిఖీకి దిగాను.

మీటరు పిట్ట బల్ల మీదే ఉంది. ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు, తట్టకపోవడమే విచిత్రం. ఏ ఎలక్ట్రానిక్ కాటాకైనా జ్ఞాపకం ఉంటుంది. బిల్లులు చించేసినా కాటా లోపల అంకెలు ఉంటాయి. అదెలా తీయాలో మేం కొత్తవాళ్ళకి నేర్పిస్తాం. మీటరు పక్కనున్న రెండు మీటలు కలిపి నొక్కాను. నలభై ఏడులు వరసగా కనిపిస్తాయి, అవి ఫోటో తీసి ఆయన ముందు పెడతాను, ఇక బుకాయించలేరు అనుకున్నాను. ముందు పరీక్ష రోజుకి జరిపాను.

జూన్ 12: 38.
జూన్ 11: 38.
జూన్ 8: 39.
జూన్ 5: 39.
మే 20: 41.
మే 2: 43.

కిందికి జరుపుతూ పోయాను. మార్చిలో ఉంది నలభై ఏడు.

పిట్ట పుస్తకం తీసి పక్కన పెట్టుకున్నాను. జూన్ 5: 47. మీటరులో 39. ముత్యాల్లాంటి అంకెలు. నా రాతలాగే ఉంటుంది దాని రాత.

పైకి జరిపాను. ఈ రోజు పొద్దున: 36.

మంచం అంచున కూర్చున్నాను. స్కూలు వదిలేదాకా అక్కడే ఉన్నాను.

జూలై 9, మళ్ళీ

నోటుబుక్కు ఆఫీసులోనే ఉంది కదా, సాయంత్రం వచ్చి పైదీ ఇదీ రాస్తున్నాను. ఆరు దాటింది, వాచ్‌మన్ తాళాలు పట్టుకుని వేచి ఉన్నాడు.

పిట్ట వచ్చి నా ఒళ్ళో మీటరు చూసింది. సంచీ దించకుండానే కింద కూర్చుంది.

"ఎప్పట్నుంచి?"

"మార్చి నుంచి."

"ఎందుకే?"

"అంకె తగ్గిన రోజు నువ్వు అన్నం తినవు. నాన్న చెప్పక్కర్లేదు, నేనే చూస్తున్నానుగా చిన్నప్పట్నుంచీ. నలభై ఏడు రాస్తే తింటావు. పాటలు పాడతావు, నీకు తెలీదు గానీ."

"తూకం?"

తల దించుకుంది. "ఆదివారం జేబులో నీ పెట్టెలోవి రెండు అరకిలో రాళ్ళు వేసుకునేదాన్ని. తర్వాత మూడు. మళ్ళీ తుడిచి పెట్టేసేదాన్నిలే."

ప్రభుత్వ ముద్ర ఉన్న రాళ్ళు. నేను తనిఖీకి తీసుకెళ్ళే పెట్టెలోవి.

"నాన్నకి తెలుసా?"

"నలభై దగ్గరే ఆగుతుందట, మనకి రాదు అని నాన్న బాధపడుతుంటే, పరీక్షకి రెండు రోజుల ముందు చెప్పేశాను. స్టూడియోలో. పరీక్ష అవగానే అమ్మకి నువ్వే చెప్పాలి, నేను చెప్పను, అని ఒట్టేయించుకున్నాడు. గది బయట కూడా గుర్తు చేశాడు. నేనే చెప్పలేకపోయాను. నువ్వు ఆ రోజు మొహం అలా పెట్టావు."

ఎలా పెట్టానో నాకు తెలుసు. అయస్కాంతం వెతికే మొహం.

ఉత్తరం సంగతి అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

జూలై 10

ఆయన మోసం చేశారనుకున్నాను. కాదు. చేసి ఉండాలని కోరుకున్నాను. మోసమైతే పిల్ల బాగున్నట్టు కదా.

జూలై 14

మళ్ళీ పరీక్ష. కంపెనీ మనిషి ఎదురుగా. 36. మూడుసార్లూ అదే.

పెద్ద డాక్టరుగారు ఆ కాగితం చూపించి అన్నారు: "కావాలని తక్కువ ఊదేవాళ్ళకి మూడుసార్లూ ఒకేలా రాదండి. మొదటి పరీక్షలోనూ మూడుసార్లూ ఒకేలా వచ్చింది. ఆ ఉత్తరం రాసినవాళ్ళు నన్నొకమాట అడిగి ఉంటే సరిపోయేది."

ఆయన "ఎవరో గిట్టనివాళ్ళు మేడమ్" అన్నారు.

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

జూలై 17

పిట్ట చోటు పిట్టకి వచ్చింది. చెప్పుల షాపు అమ్మాయికి "ఈసారికి కుదరదు" అని ఫోను చేశారట. పదమూడు రోజులు ఆ ఇంట్లో ఆ మందు వస్తుందనుకున్నారు.

జూలై 18

షాపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

జూలై 19

వెళ్ళాను. మధ్యాహ్నం, జనం లేని వేళ. మాస్కు వేసుకుని, అద్దం తలుపు తెరిచి పెట్టి గుమ్మంలోనే నిలబడ్డాను. నా బట్టల మీద మా ఇంటి క్రిములు ఉండొచ్చు. తను అట్టపెట్టెలు సైజుల వారీగా పేరుస్తోంది.

"ఏం కావాలి ఆంటీ?" అంది, అందరినీ అడిగినట్టే.

"ఆ ఉత్తరం రాసింది నేను."

పెట్టె చేతిలోంచి దించలేదు. "మీ అమ్మాయి మీద మీరే రాశారా?"

చెప్పాను. మీటరు, పుస్తకం, ఆయన, అన్నీ. చెప్తుంటే నాకే వినబడుతోంది ఎంత తెలివితక్కువగా ఉందో.

అంతా విని అంది: "నాకు ఫోను వచ్చిన రోజు అమ్మమ్మ ఏం చేసిందో తెలుసా? వీధిలో అందరికీ చెప్పింది. మా పిల్ల ఇక దగ్గదు అని. ఇప్పుడు దగ్గొస్తే దిండులో మొహం పెట్టుకుని దగ్గుతున్నాను. ఆవిడ వినకూడదని."

చేతిలో పెట్టె మీది సైజు చూసుకుంది.

"నాకు చెప్పి ఏం లాభం ఆంటీ? నేను రాయలేదని నాకు తెలుసు. తెలియాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళకి చెప్పండి." పెట్టె అరలో పెట్టింది. "షాపులోకి కస్టమర్లు వస్తారు. తలుపు వేసెయ్యండి."

జూలై 20

ఇంట్లో చెప్పాను. భోజనాల దగ్గర, ఇద్దరికీ ఒకేసారి.

పిట్ట అంది, "నాకు తెలుసమ్మా." నాలుగో తేదీనే తెలిసిపోయిందట. ఇంటి కొలత, పొంతన అనే మాటలు విన్నప్పుడే. "పొంతన అని మనింట్లో నువ్వు తప్ప ఎవరంటారు?"

"మరి ఎందుకు ఊరుకున్నావు?"

"నేను అబద్ధం రాశాను, నువ్వు నిజమనుకుని రాశావు. ఏం చెప్పను?"

ఆయన చేయి కడుక్కుని వెళ్ళిపోయారు. గంట తర్వాత వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"నా మీద అనుమానం వచ్చింది. సరే. నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే మీరు కాదంటారని."

"కాదంటే?"

"నమ్మాల్సొస్తుందని."

ఆయన లేచి నా ఎంగిలి కంచం తీసి పక్కన పెట్టారు. తర్వాత, "ఆ అమ్మాయిని నలుగురిలో నిలబెట్టారు. నువ్వూ నలుగురిలోనే చెప్పాలి. నేను పక్కన ఉంటాను. మాట్లాడను, ఉంటాను" అన్నారు.

జూలై 22

సంఘంలో చెప్పాను. ఆయన పక్కన ఉన్నారు. ఆ రోజు "మరి ఇంకెవరికి అవసరం?" అన్న తండ్రి లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఒక తల్లి నన్ను అడిగింది, "ఇంకా ఎవరెవరి మీద రాశారు?" అని. ఎవరి మీదా రాయలేదన్నాను. నమ్మినట్టు లేదు. నమ్మకపోవడం న్యాయమే.

చెప్పుల షాపు అమ్మాయిని మళ్ళీ గ్రూపులో చేర్చారు. తను గ్రూపులో ఏమీ రాయలేదు.

జూలై 29

కమిటీ ముందు ఆయన మాట్లాడాల్సింది. పొద్దున లేచి నాతో అన్నారు: "నేను ఫోటోలు చూపిస్తాను. మాట నువ్వు మాట్లాడు. కొలతల సంగతి నీకు తెలిసినంత నాకు తెలీదు."

పెద్ద హాలు. బల్ల వెనక ఐదుగురు. ఫైళ్ళు, నీళ్ళ సీసాలు. మాకు ముందు వచ్చినవాళ్ళు ఏదో యంత్రం గురించి మాట్లాడారు, ఒక సభ్యుడు కునికిపాట్లు పడ్డాడు. ముప్పై ఒక్క ఫోటోల బోర్డు గోడకి ఆనించారు. పిట్ట ఒక చివర, చెప్పుల షాపు అమ్మాయి ఇంకో చివర కూర్చున్నారు.

రాసుకెళ్ళిన కాగితం తీయలేదు. చెప్పింది గుర్తున్నంత రాస్తున్నాను.

"నేను తూనికలు కొలతల శాఖలో పనిచేస్తాను. పంతొమ్మిదేళ్ళుగా కాటాలు పరీక్షిస్తున్నాను. ప్రపంచంలో ఏ కాటా అయినా కాస్త తేడా చూపిస్తుంది. ఎంత తేడా ఉండొచ్చో మా పుస్తకంలో రాసి ఉంటుంది. అంతలోపు ఉంటే ముద్ర వేసి ఇచ్చేస్తాం, ఉల్లిపాయలు తూచుకోమంటాం. మా ఆస్పత్రిలో ముప్పై ఎనిమిది వచ్చిన పిల్లకి మందు దక్కింది, ముప్పై తొమ్మిది వచ్చిన పిల్లకి దక్కలేదు. ఆ ఒక్క శాతం నిజంగా ఉందని చెప్పగల మీటరు నేనెక్కడా చూడలేదు. పొద్దున ఊదితే ఒకటి, సాయంత్రం ఊదితే ఒకటి. ఉల్లిపాయలకి కూడా మేం అంత తేడా వదిలేస్తాం."

కునికిపాట్లాయన కళ్ళు తెరిచాడు.

"పదే చోట్లు ఉంటే ఏమవుతుందో నేను చెప్తాను. పక్కింటి పిల్ల ఎంత దగ్గుతోందో వింటాం. మన పిల్ల ఎంత తక్కువ ఊదిందో లెక్కేసుకుంటాం. నేను నా భర్తని అనుమానించాను. నా కూతురి మీద నేనే సంతకం లేని ఉత్తరం రాశాను. ఆ నింద ఇంకొక అమ్మాయి మీద పడింది. ఆ అమ్మాయి ఇక్కడే ఉంది. నేను చెడ్డదాన్నని చెప్పుకోవడానికి రాలేదు. చెడ్డదాన్నే కావచ్చు. కానీ ముప్పై ఒక్క మందికీ మందు ఉంటే ఆ ఉత్తరం నేను రాసేదాన్ని కాదు. పూర్తిగా నయంచేసే మందు ఎప్పుడొస్తుందో తెలీదు. అది వచ్చేదాకా వీళ్ళు ఉండాలి. అంతే అడుగుతున్నాం."

ఒకావిడ అడిగారు: "ఆ రెండో అమ్మాయి పరిస్థితి ఇప్పుడు ఎలా ఉంది?"

నేను చెప్పేలోపు తనే లేచి నిలబడింది. "ముప్పై ఐదు మేడమ్. నిన్న."

హాల్లో ఆ అంకె విని ఎవరూ ఏమీ రాసుకోలేదు. తర్వాత ఆవిడ రాసుకున్నారు.

ఆగస్టు 3

పిట్ట మొదటి మాత్ర. ఆ సాయంత్రం గంటలకొద్దీ దగ్గు. కఫం జిగురు జిగురుగా కాక నీళ్ళలా వస్తోంది. నేను హడలిపోయి డాక్టరుగారికి ఫోను చేశాను. "రానివ్వండి, అదే మందు పని" అన్నారు.

ఆగస్టు 20

పిట్ట మెట్లన్నీ ఆగకుండా ఎక్కింది. పైకెళ్ళాక కిందికి చూసి నా మొహం వెతికింది. నాకు సంతోషం వచ్చింది, దాని వెంటే భయం. ఎవరి చోటో నాకు తెలుసు కదా.

సెప్టెంబరు 4

చెప్పుల షాపు అమ్మాయిని ఆస్పత్రిలో చేర్చారు. ఊపిరితిత్తుల్లో చీము. నేను పరిగెత్తాను. వీపు మీద తట్టి కఫం వదిలించడం నాకు పదహారేళ్ళుగా అలవాటు, నేను చేస్తాను అన్నాను. నర్సు గుమ్మంలోనే ఆపేసింది. "మీ ఇంట్లో పేషెంటు ఉంది కదా. మీరు లోపలికి రాకూడదు."

నిజమే. ఈ జబ్బున్న ఇంటివాళ్ళం ఒకరికొకరం ఆ సాయం కూడా చేసుకోలేం.

బయట బెంచీ మీద అమ్మమ్మ కూర్చుని ఉంది. పక్కన కాస్త ఎడంగా కూర్చున్నాను.

సెప్టెంబరు 5, 6, 7, 8

బెంచీ.

సెప్టెంబరు 11

కమిటీ నిర్ణయం వచ్చింది. నలభైకి తక్కువున్న అందరికీ వెంటనే. మిగతావాళ్ళకి వచ్చే ఏడాది నుంచి, "పరిశీలించిన మీదట". ఆ రెండు మాటలంటే నాకు అనుమానమే, వాటిని వదిలిపెట్టేది లేదు. అయితే నలభైకి తక్కువున్నవాళ్ళు ఇంకో ఏడుగురు. అందులో ఒకరు ఆ తలుపు వెనక ఉన్నారు.

ఆయన స్టూడియో మూసి వచ్చి, నా పక్కన బెంచీ మీద కూర్చుని, కాగితం మూడుసార్లు చదివి వినిపించారు.

సెప్టెంబరు 19

మందుల గదివాళ్ళు ఈ రోజు డబ్బా తెచ్చారు. ఇంటి పెద్ద కదా, అమ్మమ్మ చేతికే ఇచ్చి సంతకం పెట్టమన్నారు. ఆవిడ వేలిముద్ర వేసింది. డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, నా వైపు చాపింది.

"ఇందులో ఎన్ని ఉండాలన్నారు?"

"యాభై ఆరండి" అన్నాను.

"లెక్కపెట్టి చూడమ్మా. నాకు కళ్ళు ఆనవు."

నేను చేతులు చాపలేదు. పదిహేను రోజులుగా ఈవిడ పక్కన కూర్చుంటున్నాను, చెప్పలేదు. ఆవిడకు తెలియదనుకున్నాను. "అమ్మమ్మా, ఆ ఉత్తరం..." అన్నాను.

"నువ్వే రాశావట. మా పిల్ల అప్పుడే చెప్పింది." డబ్బా ఇంకా నా ముందే పట్టుకుని ఉంది. "చేయి నొప్పెడుతోంది, తీసుకో."

ఎదురుగా బల్ల మీద శుభ్రమైన కాగితం పరిచి, చేతులు కడుక్కుని వచ్చి, అట్టల మీదినుంచే లెక్కపెట్టాను. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

"సరిగ్గా ఉన్నాయి" అన్నాను.

ఆవిడ మళ్ళీ అడగలేదు. డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళింది.